పొగ లెక్క సైడింగులో తేలాలి

కరెంటు తీగలు వచ్చినా యర్రగుంట్ల చుట్టుపక్కల డీజిలింజిన్ పని ముగిసిపోలేదు. బొగ్గు దించుకుని సిమెంటు ఎక్కించే ఈ నేలకు పొగ తక్కువ గూడ్సు ఇంజిన్ ఎందుకు కావాలి? అలాంటి ఇంజిన్లను దేశం ఎలా పరీక్షించింది, ఎలా కొన్నది? ఈ వారం ముఖచిత్ర కథనం.

ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ కేంద్రానికి ఒక బొగ్గు రేకు, అంటే వ్యాగన్ల వరుస, చేరిందంటే దాదాపు 4 వేల టన్నుల సరుకు ఒక్కసారిగా దిగినట్టే. లారీకి 25 టన్నుల చొప్పున వేసుకున్నా అదంతా మోయడానికి 160 లారీలు కావాలి. 1994లో మొదటి యూనిట్‌తో మొదలై 1,650 మెగావాట్లకు ఎదిగిన ఈ కేంద్రానికి సింగరేణి నుంచీ ఒడిశా గనుల నుంచీ బొగ్గు రావాలి. దాని చుట్టూ సిమెంటు కర్మాగారాలున్నాయి. యర్రగుంట్లలో ఉంది, చిలంకూరులో ఉంది, కమలాపురం మండలం నల్లలింగాయపల్లెలో ఉంది, జమ్మలమడుగు పక్కన మైలవరం మండలం చిన్నకొమెర్లలో ఉంది. కాళ్ల కింద సున్నపురాయి ఉన్నంతకాలం ఇక్కడికి బొగ్గు వస్తూనే ఉంటుంది, ఇక్కడి నుంచి సిమెంటు పోతూనే ఉంటుంది.

ఈ నేల మీద దుమ్ము గురించి, బూడిద గురించి, లారీల గురించి ఎన్నో పంచాయితీలు జరిగాయి. రైలింజిన్ పొగ గురించి మాత్రం ఎవరూ పెద్దగా అడగలేదు. టన్ను లెక్కన చూస్తే లారీ కంటే రైలు ఎంతో నయం కాబట్టి ఆ ఊరుకోవడంలో కొంత న్యాయం ఉంది. కానీ రైలు నయమన్న మాట బండి నడిచినంతసేపే పూర్తిగా నిజం. సరుకు దించే పక్క పట్టాల మీద, అంటే సైడింగులో, రేకు ఆగి ఇంజిన్ గంటల తరబడి ఊరికే మోగుతూ ఉంటే ఆ పొగ పక్క ఊరి వాళ్లు పీల్చేదే. గూడ్సు ఇంజిన్ మంచిచెడ్డలు మెయిన్ లైను మీద ఎంత బరువు లాగిందన్న దానితోనే తేలవు. సైడింగులో నిలబడ్డప్పుడు ఎంత పొగ వదిలిందో కూడా చూడాలి. కొత్త ఇంజిన్ల ఆర్డర్లు ఇక మీదట ఆ కొలతతోనే రాయాలని ఈ కథనం అడుగుతోంది.

రెండు ఊళ్లకు పట్టాలు, ఒక ఊరికి ఎదురుచూపు

మద్రాసు నుంచి వాయవ్యంగా బయల్దేరిన రైలు దారి కడప జిల్లాను దాటి 1871లో రాయచూరు దగ్గర బొంబాయి వైపు దారితో కలిసింది. యర్రగుంట్ల, ముద్దనూరు ఆ పాత దారి మీది స్టేషన్లు. ఆవిరి రోజుల్లో ఈ దారి ఇంజిన్లకు నందలూరు షెడ్డు పుట్టిల్లు. ఆవిరి పోయి డీజిల్ వచ్చాక ఆ పెద్దరికం గుత్తికి దక్కింది. గుత్తి డీజిల్ షెడ్డు ఇంజిన్లు ఈ జిల్లా గూడ్సు బండ్లను ఏళ్ల తరబడి లాగాయి.

బంగారానికీ బట్టలకూ పేరుపడ్డ ప్రొద్దుటూరు మాత్రం చాలాకాలం పట్టాలు లేని ఊరుగానే ఉండిపోయింది. జమ్మలమడుగుదీ అదే పరిస్థితి. 1996-97లో మంజూరైన నంద్యాల–యర్రగుంట్ల లైను 123 కిలోమీటర్లు పూర్తి కావడానికి దాదాపు 20 ఏళ్లు పట్టింది. 2016 ఆగస్టులో ఆ లైను మొదలైనప్పుడు దాని మీద నడిచినవి డీజిల్ బండ్లే. ఈ లైను వల్ల గుంటూరు–గుంతకల్లు దారి నంద్యాల దగ్గర విడివడి నేరుగా మద్రాసు–ముంబై దారిని అందుకుంది. ఇప్పుడు రాష్ట్రంలోని బ్రాడ్‌గేజ్ దారుల మీద కరెంటు తీగలు పడ్డాయి. ప్రొద్దుటూరు స్టేషన్‌లో నిలబడి చూస్తే తల మీద తీగలే.

పులివెందులకు ఇప్పటికీ రైలు లేదు. అరటి తోటలు, చీనీ తోటలు, పక్కనే తుమ్మలపల్లె యురేనియం గని ఉన్న ఆ ప్రాంతం సరుకంతా రోడ్డు మీదే నడుస్తోంది. 

నల్ల పొగ ఎక్కడ పుట్టేది

పాత గూడ్సు ఇంజిన్ కదిలేటప్పుడు చూసినవాళ్లకు ఆ దృశ్యం గుర్తుంటుంది. డ్రైవరు నాచ్, అంటే ఇంజిన్ శక్తి మెట్టు, పెంచిన మరుక్షణం పైనుంచి నల్లటి పొగ గుప్పుమని లేచి, బండి వేగం అందుకున్నాక పలచబడేది. దీనికి స్పష్టమైన కారణం ఉంది. అమెరికా ఆల్కో కంపెనీతో ఒప్పందం మీద వారణాసి కర్మాగారం 1964 నుంచి తయారు చేసిన ఇంజిన్లలో గాలిని లోపలికి నెట్టే టర్బోచార్జర్ పొగ వేగంతోనే తిరుగుతుంది. నాచ్ పెంచగానే డీజిల్ ఎక్కువ పడుతుంది. టర్బో ఆ వేగం అందుకోవడానికి కొన్ని క్షణాలు పడుతుంది. ఆ మధ్యలో డీజిల్ ఎక్కువ, గాలి తక్కువ. సరిగా కాలని డీజిలే మసిగా బయటికొస్తుంది.

బరువైన రేకును కదిలించేటప్పుడు, షంటింగ్‌లో ముందుకీ వెనక్కీ జరిగేటప్పుడు ఇది పదేపదే జరుగుతుంది. అంటే అదే ఇంజిన్ మెయిన్ లైను మీద కంటే యార్డులో ఎక్కువ మసి వదులుతుంది.

మసి ఒక్కటే సమస్య కాదు. మంట బాగా వేడెక్కితే మసి తగ్గుతుంది, కానీ గాలిలోని నైట్రోజన్ ఆక్సిజన్‌తో కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి. మంట వేడి తగ్గిస్తే అవి తగ్గి మసి పెరుగుతుంది. ఒకటి తగ్గిస్తే రెండోది పెరిగే ఈ చిక్కు విప్పడమే పొగ తక్కువ ఇంజిన్ తయారీలో అసలు పని. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2012 జూన్‌లో డీజిల్ పొగను మనిషికి క్యాన్సర్ తెచ్చే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. ఆ తర్వాత దీన్ని కంటికి మంట పుట్టించే చిన్న ఇబ్బందిగా చూడడం కుదరదు.

రెండు పెద్ద ఆర్డర్లు

ఈ చిక్కు విప్పే దారిలో భారత రైల్వే రెండు పెద్ద అడుగులు వేసింది.

మొదటిది 1995 అక్టోబరులో. జనరల్ మోటార్స్ ఇంజిన్ విభాగంతో 21 గూడ్సు ఇంజిన్లకు ఒప్పందం కుదిరింది. 13 తయారై వచ్చాయి, మిగిలినవి విడిభాగాలుగా వచ్చి వారణాసిలో అమరాయి. తయారీ విద్య కూడా దాంతోపాటే వచ్చింది. 4 వేల హార్స్‌పవర్ ఉన్న ఆ డబ్ల్యూడీజీ-4 ఇంజిన్లు హుబ్లీ షెడ్డులో మొదలై దేశమంతా పాకాయి. వీటి టర్బోను తక్కువ వేగంలో పొగ తిప్పదు, ఇంజిన్ తన గేర్లతో తానే తిప్పుతుంది. పొగకు తగినంత బలం వచ్చాక గేరు విడిపోతుంది. అందుకే నాచ్ పెంచినప్పుడు పాత ఇంజిన్ మాదిరి గుప్పుమనదు. ఏసీ మోటార్లు కావడంతో పట్టు కూడా పెరిగింది.

రెండోది 2015 నవంబరులో. బీహార్‌లోని సారణ్ జిల్లా మఢౌరాలో కర్మాగారం కట్టి 11 ఏళ్లలో వెయ్యి డీజిల్ ఇంజిన్లు ఇచ్చేందుకు జనరల్ ఎలక్ట్రిక్‌తో ఒప్పందం జరిగింది. 4,500 హార్స్‌పవర్‌వి 700, 6,000 హార్స్‌పవర్‌వి 300 అని మొదటి లెక్క. విలువ దాదాపు 250 కోట్ల డాలర్లు. మరమ్మతులకు ఉత్తరప్రదేశ్‌లోని రోజాలో, గుజరాత్‌లోని గాంధీధామ్‌లో షెడ్లు ఏర్పాటయ్యాయి. అమెరికాలో తయారైన మొదటి ఇంజిన్ 2017 అక్టోబరులో ముంద్రా రేవులో దిగింది. 2019లో ఆ రైలింజిన్ల వ్యాపారం వాబ్‌టెక్ చేతికి మారింది.

ఈ ఆర్డరులో పొగ పరిమితి కూడా షరతుల్లో భాగమైంది. అంతర్జాతీయ రైల్వే సమాఖ్య యూఐసీ మొదటి మెట్టు ప్రమాణాలకు ఈ ఇంజిన్లు లోబడాలి. డీజిల్ ఎంత పడాలో, ఎప్పుడు పడాలో ఎలక్ట్రానిక్ పద్ధతిలో నిర్ణయించే ఇంజిన్ ఇది. పాతదాంట్లో 16 సిలిండర్లు చేసిన పని 4,500 హార్స్‌పవర్ రకంలో 12 సిలిండర్లే చేస్తాయి.

గర్వించాల్సిన ఆర్డరే. కానీ అందులో అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. యూఐసీ మొదటి మెట్టులో కిలోవాట్ గంటకు 12 గ్రాముల దాకా నైట్రోజన్ ఆక్సైడ్లకు అనుమతి ఉంది. యూరప్ 2003లోనే రెండో మెట్టుకు వెళ్లింది. అమెరికా 2015 నుంచి కొత్త ఇంజిన్లకు నాలుగో టియర్ నిబంధన తెచ్చింది. కొలిచే పద్ధతుల్లో తేడా ఉన్నా, అక్కడి పరిమితి మన లెక్కలో కిలోవాట్ గంటకు 2 గ్రాములు కూడా ఉండదు. మనం వెయ్యి ఇంజిన్ల ఆర్డరు రాసిన ఏడాదే అక్కడ ఆ నిబంధన అమల్లోకి వచ్చింది. రోడ్డు మీది లారీకి భారత్ స్టేజ్ నిబంధనలు 2000 నుంచి మెట్టు మెట్టుగా బిగిశాయి. రైలింజిన్‌కు అలాంటి మెట్ల వరుస లేకుండానే ఏళ్లు గడిచాయి.

పరీక్ష ఎలా జరుగుతుంది

కొత్త ఇంజిన్ వచ్చిందంటే మర్నాడే గూడ్సుకు తగిలించరు. లక్నోలోని రైల్వే పరిశోధన సంస్థ ఆర్‌డీఎస్‌వో దాన్ని పట్టాల మీద రకరకాల వేగాల్లో నడిపి చూస్తుంది. ఎంత ఊగుతోంది, వంపుల్లో పట్టాల మీద ఎంత ఒత్తిడి పెడుతోంది, అత్యవసర బ్రేకు వేస్తే ఎంత దూరంలో ఆగుతోంది అన్నవి కొలుస్తారు. ఆ లెక్కలన్నీ చూశాకే రైల్వే భద్రతా కమిషనర్ వ్యవస్థ ఎంత వేగంతో నడపాలో అనుమతి ఇస్తుంది.

పొగ పరీక్ష వేరు. ఇంజిన్‌ను టెస్ట్ బెడ్ మీద బిగించి, భారం పెంచుతూ తగ్గిస్తూ పొగలో ఏముందో కొలుస్తారు. అంతర్జాతీయ ప్రమాణంలో రైలింజిన్‌కు మూడు స్థితులుంటాయి. పూర్తి భారానికి నూటికి 25 పాళ్ల విలువ, సగం భారానికి 15 పాళ్లు, ఊరికే మోగుతూ నిలబడడానికి 60 పాళ్లు. రైలింజిన్ జీవితంలో ఎక్కువ భాగం నిలుపులోనే గడుస్తుందని పరీక్ష రాసినవాళ్లే ఒప్పుకున్నారన్న మాట.

అమెరికా ఇంకో అడుగు ముందుకేసింది. దూరం పోయే ఇంజిన్‌కు ఒక పరీక్ష, యార్డులో షంటింగ్ చేసే ఇంజిన్‌కు ఇంకో పరీక్ష పెట్టింది. దూరపు ఇంజిన్ లెక్కలో నిలుపు 38 శాతం, షంటింగ్ ఇంజిన్ లెక్కలో దాదాపు 60 శాతం. పూర్తి భారంతో నడిచే ఎనిమిదో నాచ్‌కు దూరపు లెక్కలో 16 శాతం పైన విలువ ఉంటే, షంటింగ్ లెక్కలో అది ఒక శాతం కూడా లేదు. రెండు పనులూ వేరు కాబట్టి కొలతా వేరుగా ఉండాలని దాని అర్థం.

షెడ్డులోనూ ఒక పరీక్ష ఉంటుంది. మరమ్మతు అయ్యాక ఇంజిన్‌ను లోడ్ బాక్సుకు కలుపుతారు. బండి అంగుళం కూడా కదలదు. ఇంజిన్ పుట్టించిన కరెంటంతా నిరోధకాల్లో వేడిగా మారి గాలిలో కలుస్తుంది. నాచ్ ఒక్కొక్కటే పెంచుకుంటూ ఎనిమిది దాకా తీసుకెళ్తారు. మోత మారుతుంది, కాళ్ల కింద నేల అదురుతుంది, అనుభవం ఉన్న మెకానిక్ పొగ రంగు చూసే ఇంజెక్టర్‌లో లోపమా, టర్బోలో లోపమా అన్నది సగం పసిగడతాడు. నల్ల పొగ అయితే గాలి చాలలేదు, నీలం పొగ అయితే నూనె కాలుతోంది, తెల్ల పొగ అయితే డీజిల్ కాలకుండానే బయటికొస్తోంది. కొన్నప్పుడు పాసైన ఇంజిన్ పదేళ్ల తర్వాత కూడా అంతే శుభ్రంగా ఉందా అన్నది తేలేది ఇలాంటి షెడ్లలోనే. 

తీగలున్నా డీజిల్ ఎందుకు

మొదటి మఢౌరా ఇంజిన్ రేవులో దిగకముందే ఆ ఆర్డరు మీద దేశంలో పెద్ద చర్చ నడిచింది. దారులన్నీ కరెంటుకు మారుతుంటే వెయ్యి డీజిల్ ఇంజిన్లు ఎందుకని 2017లో రైల్వే శాఖే ఆలోచనలో పడింది. చివరికి ఒప్పందం నిలిచింది. 2018 సెప్టెంబరులో మిగిలిన బ్రాడ్‌గేజ్ అంతా విద్యుదీకరించాలని కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది. 2019 ఫిబ్రవరిలో రెండు పాత డీజిల్ ఇంజిన్లను కలిపి కరెంటు ఇంజిన్‌గా మార్చిన ప్రయోగం వారణాసిలో బయటికొచ్చింది. ఆ మార్పిడి కొద్ది ఇంజిన్లతోనే ఆగింది.

మెయిన్ లైను మీద వాదన తేలిపోయింది. అక్కడ కరెంటు ఇంజినే సరైనది. తీగ కింద నడిచే ఇంజిన్ పొగ ఊళ్ల మధ్య పడదు. ఆ కరెంటు బొగ్గుతో పుట్టినదైనా పొగ ఒకే గొట్టం దగ్గర ఉంటుంది, దాన్ని అక్కడే పట్టి శుభ్రం చేయొచ్చు.

అయితే తీగ అన్ని చోట్లకూ పోలేదు. బొగ్గు వ్యాగన్‌ను పట్టుకుని తలకిందులు చేసే టిప్లర్ దగ్గర పైన తీగ ఉండడానికి వీల్లేదు. పైనుంచి సరుకు పోసే చోటా, క్రేన్లు తిరిగే చోటా అంతే. ప్రమాదం జరిగి తీగలు తెగితే సహాయక బండిని లాగాల్సింది డీజిలే. పెద్ద థర్మల్ కేంద్రాలు, ఉక్కు కర్మాగారాలు తమ ఆవరణలో షంటింగ్ డీజిల్ ఇంజిన్లు పెట్టుకోవడం దేశమంతా ఉన్నదే. దీనికి తోడు, సరుకు ఎక్కించి దించేదాకా రైల్వే ఇంజిన్ రేకు దగ్గరే కాచుకుని ఉండే ఏర్పాటు ఉంది. అది డీజిలింజిన్ అయితే కాచుకున్నంతసేపూ మోగుతూనే ఉంటుంది.

ఎందుకు ఆపరు? ఆపితే బ్రేకులకు కావాల్సిన గాలి ఒత్తిడి దిగిపోతుంది, బ్యాటరీ దిగిపోతుంది, చల్లబడ్డ పెద్ద ఇంజిన్‌ను మళ్లీ లేపడం అంత తేలిక కాదు. అందుకే ఆపకుండా వదిలేస్తారు. అది డ్రైవరు నిర్లక్ష్యం కాదు, ఇంజిన్‌కు వేరే దారి ఇవ్వకపోవడం.

ఆ దారి మన దేశంలోనే ఉంది. పెద్ద ఇంజిన్‌ను ఆపేసి, గాలినీ బ్యాటరీనీ చూసుకునే 25 హార్స్‌పవర్ చిన్న ఇంజిన్‌ను పక్కన అమర్చే పద్ధతిని రైల్వే తెచ్చింది. రైల్వే లెక్క ప్రకారం పెద్ద ఇంజిన్ ఊరికే మోగితే గంటకు 25 లీటర్లు, చిన్నదైతే 3 లీటర్లు. ఒక రేకు దగ్గర ఎనిమిది గంటలు కాచుకుంటే మొదటిది 200 లీటర్లు తాగుతుంది, రెండోది 24 లీటర్లతో సరిపెడుతుంది. మిగిలిన 176 లీటర్లూ ఏ సరుకునూ అంగుళం కదిలించకుండా కాలినవే. ఆ పొగ ముద్దనూరు గాలిలోనో యర్రగుంట్ల గాలిలోనో కలిసినదే. 

ఇంధనం కూడా మెరుగైంది. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతా బీఎస్-6 డీజిల్ వచ్చింది. పది లక్షల పాళ్లలో 50గా ఉన్న గంధకం 10కి దిగింది. పొగను శుద్ధి చేసే పరికరాలు పాడవకుండా పనిచేయాలంటే ఇలాంటి డీజిలే కావాలి. ఇంధనం సిద్ధంగా ఉందంటే, మెరుగైన ఇంజిన్‌ను అడగకపోవడానికి పాత సాకు ఇక లేదు.

ముందున్న దారులు

షంటింగ్‌కు డీజిల్ ఒక్కటే దిక్కన్న రోజులు కూడా పోతున్నాయి. 2020లో జబల్‌పూర్ డివిజన్ నవదూత్ పేరుతో ఒక షంటింగ్ ఇంజిన్ తయారు చేసింది. తీగ ఉన్న చోట తీగ నుంచి కరెంటు తీసుకుంటుంది, తీగ లేని చోట బ్యాటరీతో నడుస్తుంది. సిమెంటు సైడింగు పనికి అచ్చంగా సరిపోయే ఆలోచన ఇది. బ్యాటరీ మీద దూరం పోనక్కర్లేదు, కొన్ని వందల మీటర్లు రేకును జరిపితే చాలు.

ఈ విద్యలో తెలుగువాళ్ల చెయ్యి కూడా ఉంది. హైదరాబాద్‌లోని మేధా సర్వో డ్రైవ్స్ పాత ఆల్కో ఇంజిన్లకు మైక్రోప్రాసెసర్ నియంత్రణ పెట్టెలు చేసి ఇచ్చింది. జింద్–సోనీపత్ దారిలో నడపాలనుకున్న హైడ్రోజన్ రైలుకు సాంకేతికత సమకూర్చే పని కూడా ఆ సంస్థకే దక్కింది. సైడింగు ఇంజిన్ కావాలని గట్టిగా అడిగితే చేసి ఇవ్వగలవాళ్లు ఇక్కడే ఉన్నారు.

మఢౌరా దారి చూస్తే ఇంకో విషయం తెలుస్తుంది. 2025 జూన్‌లో ఆ కర్మాగారం నుంచి గినీ దేశపు ఇనుప ఖనిజం రవాణాకు ఇంజిన్ల ఎగుమతి మొదలైంది. 150 ఇంజిన్లు, 3 వేల కోట్ల రూపాయలకు పైగా విలువ. కొనేవాళ్లు ఏ ప్రమాణం అడిగితే ఆ ప్రమాణానికి చేసే నైపుణ్యం దేశంలో ఉందన్నమాట. ఇక మిగిలింది మనం అడగడమే.

పులివెందుల ముందు ఉన్న అవకాశం

కడప–బెంగళూరు లైను 2008-09లో మంజూరైంది. కడప నుంచి పెండ్లిమర్రి దాకా పట్టాలు పడ్డాయి. దాన్ని ముద్దనూరు నుంచి పులివెందుల మీదుగా ముదిగుబ్బ వైపు తిప్పాలన్న ప్రతిపాదనా వచ్చింది. ఏ దారి ఖాయమైనా, పులివెందుల రైతుకు రైలు కావాలి.

2020 జనవరి 30న అనంతపురం జిల్లా తాడిపత్రి నుంచి ముంబై జవహర్‌లాల్ నెహ్రూ రేవుకు అరటి కోసమే ఒక రైలు బయల్దేరింది. 43 చల్లని కంటైనర్లలో 980 టన్నుల అరటి. పక్క జిల్లాలో నడిచిన ఆ బండి పులివెందుల తోటకు దారి చూపించింది. తోట దగ్గరికే పట్టాలు వస్తే లారీ మీద కాయ దెబ్బతినే దూరం తగ్గుతుంది.

పాత పట్టణాలు ఆవిరి, డీజిల్, కరెంటు అని మూడు యుగాలు దాటుకుని ఇక్కడికి వచ్చాయి. కొత్తగా రైలు వచ్చే ఊరికి ఆ తిప్పలు అక్కర్లేదు. మొదటి రోజు నుంచే తీగ, గూడ్స్ షెడ్డులో బ్యాటరీ షంటింగ్, చల్లని కంటైనర్లకు డీజిల్ జనరేటర్ బదులు ప్లాట్‌ఫారం కరెంటు ఉండేలా నమూనా గీయొచ్చు. పట్టాలు వేసే ముందు గీస్తే ఖర్చు తక్కువ, వేశాక మార్చాలంటే ఎక్కువ.

మనం అడగాల్సింది

ప్రజాభిప్రాయ సేకరణలు జరిగినప్పుడు, కర్మాగారం విస్తరణకు అనుమతులు అడిగినప్పుడు, కొత్త సైడింగు వేసినప్పుడు ఈ జిల్లావాళ్లు మూడు మాటలు అడగాలి.

మొదటిది, సైడింగులో కాచుకునే ప్రతి డీజిలింజిన్‌కూ చిన్న సహాయక ఇంజిన్ ఉందా, ఉన్నది పనిచేస్తోందా, ఎంతసేపు పెద్ద ఇంజిన్ ఆపి ఉంచారు అన్న లెక్క. ఇప్పటి ఇంజిన్లలో ఆ సమాచారం నమోదయ్యే పరికరాలున్నాయి. అడిగితే చూపించగలిగినదే.

రెండోది, సొంత షంటింగ్ ఇంజిన్ పెట్టుకునే కర్మాగారాలు ఇక మీద కొనేది బ్యాటరీదో, తీగా బ్యాటరీ కలిసినదో కావాలి. డీజిలే తప్పదంటే షంటింగ్ పనికి తగ్గ పొగ పరీక్షలో పాసైనదే కావాలి.

మూడోది, రైలింజిన్లకూ లారీల మాదిరే చట్టబద్ధమైన పొగ నిబంధనలు, ఎప్పుడు ఏ మెట్టు అన్న తేదీలతో సహా రావాలి. ఒక్కో ఆర్డరుకు ఒక్కో షరతు రాసుకుంటూ పోతే, పాత షెడ్డు ఇంజిన్ పాత పొగతోనే చిన్న ఊళ్ల సైడింగులకు చేరుతుంది. పెద్ద దారిలో పనికిరాని ఇంజిన్ చివరికి వచ్చేది యార్డు పనికే. అక్కడే జనం ఉంటారు.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వాళ్లు రైలు కోసం 20 ఏళ్లు కాచుకున్నారు. పులివెందుల వాళ్లు ఇంకా కాచుకుంటున్నారు. రైలు మన హక్కని అడిగి సాధించుకున్న నేల ఇది. ఆ రైలు ముందుండే ఇంజిన్ శుభ్రంగా ఉండాలని అడగడం కూడా అదే హక్కులో భాగం. ఆ మాట గ్రామసభలో మొదలై, కలెక్టరేట్‌కు చేరి, గుంతకల్లు డివిజన్ కార్యాలయం దాకా పోవాలి.